పది రోజుల్లో పిల్లల మాట స్పష్టమవుతుందన్న ఆ మెసేజ్ గురించి

సెలవులు రాగానే ఆ మెసేజ్ మళ్లీ గ్రూపుల్లో తిరుగుతోంది. ఈ వారంలోనే నలుగురు తల్లులు నాకు పంపి "ఇది నిజమేనా మేడం, డబ్బు కట్టమంటారా?" అని అడిగారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: నత్తి ఉన్నా, మాట తిరగకపోయినా 10 రోజుల ఇంటెన్సివ్ క్యాంపుతో పూర్తిగా పోతుంది, గ్యారంటీ. నాలుకకు బలం లేకపోవడమే కారణం కాబట్టి బుడగలు ఊదించాలి, నాలుకతో వ్యాయామాలు చేయించాలి. అప్పటికీ రాకపోతే నాలుక కింద తీగ కోయించాలి. రోజూ వస నాకించాలి. ఇంట్లో రెండు భాషలు మాట్లాడకూడదు.

నేను స్పీచ్ థెరపిస్టుని. ఒక్కోటీ తీసుకుని చెబుతాను.

ముందు నత్తి సంగతి. "నా నా నా నాన్న" అని మాట దగ్గర ఆగిపోవడం నత్తి. కుక్కని తుక్క అనడం, రాముణ్ణి లాముడు అనడం ఉచ్చారణ ఇబ్బంది. రెండూ వేరు, వాటికి చేసే థెరపీ వేరు. రెండింటినీ ఒకే క్యాంపులో ఒకే పద్ధతితో పోగొడతామని ఎవరైనా అంటే అక్కడే ఆగి ఆలోచించండి.

ఇక 10 రోజుల గ్యారంటీ. ఎక్కువ మంది నమ్ముతున్నది దీన్నే, అందుకే కాస్త వివరంగా చెప్పాలి. ఐదేళ్ల బాబు ఒకడు నా దగ్గరికి వచ్చాడు. క, గ రెండూ రావు. కాకి అంటే "తాతి", గేటు అంటే "దేటు". బొమ్మ చూపించి నేను కావాలనే "ఇది తుక్క కదా?" అంటే వాడికి కోపం వచ్చి "తుక్క కాదు, తుక్క!" అన్నాడు. అంటే నేను తప్పు పలికితే వాడికి తెలుస్తోంది, తను పలికినప్పుడే తెలియడం లేదు. వాణ్ణి చాప మీద వెల్లకిలా పడుకోబెట్టాను, అలా పడుకుంటే నాలుక కాస్త వెనక్కి జారుతుంది. నాలుక కొనను పుల్లతో కింది పళ్ల వెనక నొక్కి పట్టుకుని "త" అనమంటే, కొన పైకి లేవలేదు కాబట్టి వెనక భాగం లేచి, మూడో రోజుకి "క" వచ్చింది. వాళ్లమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత అక్, ఇక్, కా, కీ, ఆ తర్వాత మాటలు. పదో రోజుకి కార్డు చూపిస్తే "కాకి" అని చక్కగా అన్నాడు. అదే రోజు చెప్పులేసుకుని గేటు దాటాడో లేదో "అమ్మా, తాతి!" అని అరిచాడు.

గదిలో మనం అడిగితే వచ్చే మాట వేరు, ఆటలో పడి తనంతట తను అనే మాట వేరు. మొదటిది పది రోజుల్లో రావచ్చు. రెండోది రావడానికి ఆ బాబుకి మూడు నెలలు పట్టింది, అదీ వాళ్ల నాయనమ్మ రోజూ సాయంత్రం పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి చేయించింది కాబట్టి. క్యాంపు వీడియోల్లో మీరు చూసేది పదో రోజు కార్డు చూసి చెప్పిన మాటనే.

దీన్నిబట్టి ఇంటెన్సివ్ థెరపీయే దండగ అనుకోకండి. అది నిజంగా పనిచేస్తుంది, నేనూ చేస్తాను. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో బడికి ముందు వయసు పిల్లలు 54 మందిని తీసుకుని, కొందరికి వారానికి మూడుసార్ల చొప్పున 8 వారాలు, కొందరికి వారానికి ఒక్కసారి చొప్పున 24 వారాలు థెరపీ ఇచ్చారు. రెండు వైపులా మొత్తం సెషన్లు 24. వారానికి మూడుసార్లు వచ్చినవాళ్లే ఎక్కువ మెరుగయ్యారు. కానీ గమనించండి, అక్కడ ఇంటెన్సివ్ అంటే రెండు నెలలు! పైగా రోజుల లెక్క ఒక్కటే చాలదు, అరగంటలో పిల్లాడు ఆ శబ్దాన్ని ఎన్నిసార్లు సరిగ్గా పలికాడన్నది ముఖ్యం. పదిహేనుసార్లు పలికించి మిగతా సమయం బొమ్మలతో గడిపితే రోజూ వచ్చినా పెద్దగా లాభం లేదు. గ్రహణం మొర్రి ఆపరేషన్ అయిన పిల్లలుంటారు, పాత ఉచ్చారణే అలవాటైపోయి ఆపరేషన్ తర్వాత కూడా అలాగే మాట్లాడుతుంటారు, వాళ్ల ఊరి దగ్గర థెరపిస్టు ఉండరు. అలాంటివాళ్లకి కొన్ని వారాలు ఒకచోట ఉంచి గట్టిగా చేయించడం చాలా మేలు, ఇంటికెళ్లాక ఏం చేయాలో అమ్మానాన్నలకి నేర్పి పంపితేనే సుమా.

మూడేళ్ల పాప "ర" పలకడం లేదని క్యాంపులో చేర్చడం మాత్రం అనవసరం. 27 భాషల అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి సమీక్ష ప్రకారం ఐదేళ్లు వచ్చేసరికి పిల్లలు హల్లుల్ని 93 శాతమైనా సరిగ్గా పలుకుతారు. ర లాంటివి ఆలస్యంగా వచ్చేవే. అలాగని నాలుగేళ్లు దాటినా బయటివాళ్లకి మాట అర్థం కాకపోతే "వాళ్ల మేనమామకీ ఇలాగే ఉండేది, అదే వస్తుందిలే" అని కూర్చోవద్దు.

నాలుకకు బలం లేదన్న మాట చూద్దాం. జంతికలు నమిలి మింగుతున్న పిల్లాడికి మాటకు కావలసినంత బలం ఉన్నట్టే, మాటకు కావాల్సింది చాలా తక్కువ. బుడగలు, ఈలలు, నాలుక బయటికి చాపడం వంటి వ్యాయామాలతో ఉచ్చారణ బాగుపడుతుందనడానికి సరైన ఆధారం దొరకలేదని వీటి మీద వచ్చిన సమీక్షలు చెప్పాయి. మాట బాగుపడాలంటే మాటే పలికించాలి.

తీగ కోయించడం గురించి రెండు మాటలు. కొందరికి నాలుక నిజంగానే కదలనంతగా బిగుసుకుని ఉంటుంది, అది డాక్టరు, థెరపిస్టు ఇద్దరూ చూసి తేల్చాలి. కానీ పైన చెప్పిన బాబునే తీసుకోండి. వాడు "క" బదులు "త" అంటున్నాడు, అంటే కొనను హాయిగా పైకి లేపుతున్నాడు! కోతతో వాడికి ఏం ఒరుగుతుంది? ప, బ, మ రాకపోతే అవి పెదవులతో పలికేవి, తీగకీ వాటికీ సంబంధమే లేదు.

వస మీద మనవాళ్లకి నమ్మకం ఎంతంటే, వాగుడుకాయని వసపిట్ట అంటాం. మా ఇంట్లోనూ అరగదీసి నాకించినవాళ్లే. కానీ అందులో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది, ప్రయోగశాల జంతువుల్లో క్యాన్సర్ కలిగించిందని అమెరికా 1968లోనే ఆహారంలో వస వాడకాన్ని నిషేధించింది. పసిపిల్లలకి వాంతులు కూడా పట్టుకుంటాయి. దయచేసి పెట్టకండి.

రెండు భాషల వల్ల ఉచ్చారణ ఇబ్బంది రాదు. ఇంట్లో తెలుగు మానేయకండి.

ఆ మెసేజ్‌లో అసలు లేనిది, నేను అన్నిటికన్నా ముందు అడిగేది వినికిడి పరీక్ష. చెవి లోపల కర్ణభేరి వెనక నీరు చేరి సగం సగం వింటున్న పిల్లలకి ఎన్ని రోజులు పలికించినా ఏం లాభం? అది ముందు చేయించండి. థెరపిస్టుకి ఆర్‌సీఐ (థెరపిస్టులను నమోదు చేసే భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. డబ్బు ఇబ్బంది ఉంటే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద జిల్లాల్లో పెట్టిన డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా గుర్తించి చూసే) కేంద్రాల్లో 18 ఏళ్ల లోపు పిల్లలకి ఉచితంగా చూస్తారు, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి ఇబ్బందులు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వెళ్లేముందు పిల్లాడు ఇంట్లో ఆడుకుంటూ మాట్లాడుతున్నప్పుడు ఐదు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి తీసుకెళ్లండి, కొత్తచోట నోరు విప్పని పిల్లలే ఎక్కువ.