సవరణ: హర్షా భోగ్లే మొదలైంది టీవీలో కాదు

2024 సెప్టెంబరులో అనంతపురం ఆర్‌డీటీ మైదానంలో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగినప్పుడు, గ్యాలరీలో ఫోను పట్టుకుని సొంతంగా వ్యాఖ్యానం చెప్పుకుంటున్న కుర్రాళ్ల గురించి నేను రాసిన టపాలో, క్రికెట్ వ్యాఖ్యాత హర్షా భోగ్లే నేరుగా టీవీ తెర మీదికి వచ్చారని ఉంది. అది సరికాదు.

హైదరాబాద్‌లో పుట్టిన ఆయన పందొమ్మిదేళ్ల వయసులోనే ఆకాశవాణిలో వ్యాఖ్యానం చెప్పారు. ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్, అహ్మదాబాద్ ఐఐఎంలో మేనేజ్‌మెంట్ చదివి, ప్రకటనల రంగంలో కొంతకాలం పనిచేశారు. 1991-92లో భారత జట్టు ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఆయన్ను వ్యాఖ్యానానికి పిలిచింది. ఈఎస్‌పీఎన్, స్టార్ స్పోర్ట్స్ టీవీ చానళ్ల కాలం ఆ తర్వాతిది.

ముందు రేడియో, తర్వాత టీవీ అన్న ఈ వరస మన కుర్రాళ్లకు ముఖ్యం. రేడియోలో బంతి ఎటు వెళ్లిందో, ఎవరు పరుగెత్తారో, స్కోరెంతో చెప్పకపోతే వినేవాడికి ఆటే లేదు. టీవీలో బంతి కవర్స్ (బ్యాటర్‌కు ఆఫ్ వైపు ముందున్న చోటు) మీదుగా గీత దాటడం అందరూ చూస్తూనే ఉంటారు. అదే మళ్లీ చెబితే విసుగు. ఫీల్డర్‌ను అంతకుముందు ఓవర్లోనే అక్కడి నుంచి ఎందుకు తీశారో చెప్పాలి, లేదా ఊరుకోవాలి. ఊరుకోవడమే కష్టం, ఈ మధ్య పెద్ద వ్యాఖ్యాతలకు కూడా!

ఇంకొకటి. భోగ్లే అసలు బ్యాటే పట్టలేదని ఆ టపా కింది వ్యాఖ్యల్లో ఒకరు అన్నారు. అదీ తప్పే. అంతర్జాతీయ క్రికెట్ ఆడలేదు గానీ, హైదరాబాద్ ఎ డివిజన్ లీగ్‌లో, ఉస్మానియా జట్టు తరఫున ఆడారు. పాత టపాలో, నేరుగా టీవీకి వచ్చారన్న వాక్యం మార్చాను.