దర్బంద్ గోడ గారికి, టోల్‌గేటు దగ్గర ఇరుక్కున్నవాడి లేఖ

అయ్యా గోడ గారూ,

గోడకు చెప్పుకోవడం మాకు అలవాటే కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. మొన్న సంక్రాంతికి ఊరెళ్తూ హైవే మీద టోల్‌గేటు దగ్గర గంటంపావు ఇరుక్కుపోయాను. స్కానర్ నా ట్యాగ్‌ని చదవదు, వెనకవాళ్ళు హారన్ ఆపరు, చివరికి డబ్బులు రెండుసార్లు కట్ అయ్యాయి. ఆ ఖాళీలో, అసలు దారికడ్డంగా నిలబడి డబ్బులు వసూలు చేసే ఈ విద్యలో పెద్దవాళ్ళెవరా అని ఫోన్‌లో వెతుకుతూ పోతే మీరు తగిలారు.

పేరులోనే ఉంది అంతా. పారశీకంలో దర్ అంటే తలుపు, ఇక బంద్ అంటే ఏమిటో మాకు వేరే చెప్పక్కర్లేదు. అరబ్బులు మిమ్మల్ని బాబ్ అల్ అబ్వాబ్, అంటే గుమ్మాలకే గుమ్మం అన్నారు. తుర్కీ భాషలవాళ్ళకు మీరు డెమిర్ కాపి, ఇనుప గుమ్మం. (మా దగ్గర కాపీ అంటే పరీక్షల్లో కొట్టేది, అదలా ఉంచండి.)

చోటు మాత్రం భలే చూసుకున్నారు. కాకసస్ కొండలు కాస్పియన్ సముద్రం మీదికి దిగొచ్చి, మధ్యలో మూడు కిలోమీటర్ల నేల మాత్రం వదిలిన చోట, ఇవాళ్టి రష్యాలో దగెస్తాన్‌లో. ఉత్తరపు గడ్డి మైదానాల నుంచి గుర్రాల మీద ఎవరు దిగినా తీరం వెంట ఇదే దారి. ముందు మట్టి ఇటుకల గోడ ఉండేది, 6వ శతాబ్దంలో పర్షియాను ఏలిన ససానియన్ వంశపు చక్రవర్తి ఖుస్రో అనుషిర్వాన్ రాతితో కట్టించాడు, అదీ ఒకటి కాదు, జంట గోడలు. నరీన్ కలా కోట నుంచి సముద్రం దాకా వచ్చి అక్కడైనా ఆగారా, ఎవడైనా మోకాళ్ళలోతు నీళ్ళలో నడిచి చుట్టు తిరిగిపోతాడేమోనని నీళ్ళలోకి కూడా దిగారు. ఆ తర్వాతి కాలంలో రేవు మూతికి అడ్డంగా గొలుసు కట్టి తాళం వేసేవారని అరబ్ భూగోళకారులు రాశారు, అనుమతి ఉంటేనే ఓడ కదలాలి. మా టోల్‌గేటు కర్ర మీ గొలుసుకు మునిమనవడన్నమాట. కొండవైపు ఇంకో నలభై కిలోమీటర్లు పాకారు.

వసూళ్ళంటారా, 532లో రోమన్ చక్రవర్తి జస్టీనియన్ పర్షియాకు 11,000 రోమన్ పౌండ్ల బంగారం కట్టాడు. మూడున్నర టన్నుల పైమాటే. కాకసస్ కనుమలకు పర్షియావాళ్ళు కాపలా కాస్తున్నారు, అటునుంచి గుర్రాలు దిగితే ఇద్దరికీ నష్టమే, కాబట్టి ఖర్చులో రోమ్ కూడా వాటా ఇవ్వాలని లెక్క. ఆ ఒప్పందం పేరు శాశ్వత శాంతి, బతికింది ఎనిమిదేళ్ళు. అందులో మీ రాళ్ళ దాకా ఎంత చేరిందో నేనడగను, మాకూ కాంట్రాక్టర్లున్నారు. మీ ఒంటి మీద పహ్లవీ అనే పాత పారశీక లిపిలో బర్జ్‌నిష్ అనే పన్నుల అధికారి పేరు చెక్కి ఉందని చదివి మాత్రం మనసు కుదుటపడింది. రాళ్ళు మోసినవాడి పేరు లేకపోయినా శిలాఫలకం మీద ఆఫీసరు పేరు ఉండి తీరాలన్న రూలు అప్పటిదేనన్నమాట.

ఇంతా చేసి ఆపింది ఎవరినండీ? 627లో ఉత్తరపు మైదానాల ఖజర్లు వచ్చి దోచుకుపోయారు. ఆ తర్వాత అరబ్బులు తీసుకున్నారు. 1220ల మొదట్లో మంగోలు సేనానులు జెబె, సుబుతాయ్ మీతో పేచీ పెట్టుకోకుండా, స్థానికులను దారి చూపించమని బెదిరించి, ఒకడిని అందరి ముందూ చంపి, కొండల్లోంచి అవతలికి పోయారు. టోల్ తప్పించుకోవడానికి పల్లెరోడ్డు పట్టే బ్యాచ్ మాకూ ఉంది గానీ ఇంత దారుణం కాదు. 1722లో రష్యా పీటర్ చక్రవర్తి వస్తే మీ ఊరిపెద్దలు ఎదురెళ్ళి వెండి తాళంచెవులే చేతిలో పెట్టారు. 1735లో మళ్ళీ పర్షియాకు, 1796లో మళ్ళీ రష్యాకు, మధ్యలో వెనక్కి, 1806లో మళ్ళీ. 1813 గులిస్తాన్ సంధితో రష్యాకే ఖాయం.

పైగా మిమ్మల్ని అలెగ్జాండర్ కట్టాడన్న ప్రచారమొకటి. ఆయన దాటిన కాస్పియన్ ద్వారాలు ఎక్కడో రే నగరం దగ్గర, సముద్రానికి దక్షిణాన. మీ వైపు ఆయన రానేలేదు. ఖండించలేదేం?

మాకూ మీకూ చుట్టరికం లేకపోలేదు. 15వ శతాబ్దంలో అఫనాసీ నికితిన్ అనే రష్యన్ వర్తకుడు ఆస్ట్రఖాన్ దగ్గర సరుకంతా దొంగలపాలై మీ ఊళ్ళో దిగాడు. సాయం దొరకలేదు, అప్పులతో ఇంటికి పోలేక అలా తిరిగి తిరిగి ఒక గుర్రం పట్టుకుని బహమనీల బీదర్ దాకా వచ్చాడు, మా జహీరాబాద్ పక్కనే. కాస్పియన్‌ని ఆయన దర్బంద్ సముద్రమనే రాశాడు.

2003లో యునెస్కో గుర్తింపు వచ్చిందట, అభినందనలు. మీ తోడబుట్టిన దక్షిణపు గోడను మాత్రం 19వ శతాబ్దంలో ఊరు పెరుగుతుంటే చాలామటుకు కూల్చేశారు. ఇప్పుడేమో కాస్పియన్ నీటిమట్టం ఏటేటా తగ్గుతోంది. నీళ్ళు ఇలాగే వెనక్కి పోతే పక్కనుంచి జారుకునేవాళ్ళకు పొడినేలే దొరుకుతుంది, ఆ గొలుసు ఎక్కడైనా దాచి ఉంటే ఓసారి వెతికించండి.

ఇట్లు,
రెండోసారి కట్ అయిన డబ్బుల కోసం ఇంకా ఫోన్ చేస్తున్నవాడు