మిషను సరే, తల్లికి మంచమేదీ?

సొంత ఊరి ఆసుపత్రికి ఏదైనా చేద్దామని మన తెలుగు సంఘాల్లో మాట వచ్చినప్పుడల్లా ముందు మిషన్ల జాబితా బయటికొస్తుంది. బిడ్డను వెచ్చగా ఉంచే వార్మరు, వెంటిలేటరు, మానిటరు. ఫొటోకి బాగుంటాయి, మీద పేరూ రాయించుకోవచ్చు. ఈసారి ఆ డబ్బు వేరే చోట పెట్టండి అంటాను. నెలలు నిండని బిడ్డను లోపల పెట్టేశాక బయట మిగిలిపోయే తల్లి మీద.

మా మేనకోడలి పుట్టిల్లు సోంపేట, అత్తవారిది ఒడిశాలోని బరంపురం. ఏడో నెలలోనే ఉమ్మనీరు పోవడంతో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. కేజీన్నర కూడా లేదు. ముక్కుకి సీపాప్ (ఊపిరాడేందుకు ఒత్తిడితో గాలి పంపే మిషను) తగిలించి ‘బాక్సులో’ పెట్టారు. ఇంట్లో పెద్దావిడ ఒకరు “ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెలదే బతకదు” అని ధైర్యం చెప్పారు. అసలు సంగతి దానికి తలకిందులు, కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు లాభమే. అయినా ఆ రాత్రి ఆవిడ మాట ఎవరూ కాదనలేదు.

బిడ్డను మిషనే నిలబెట్టింది, ఆ మాట ఒప్పుకోవాలి. తల్లి సంగతే ఎవరికీ పట్టలేదు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం వల్ల సర్కారు ఆసుపత్రిలో పసిబిడ్డ వైద్యం ఉచితం. బాలింతకు భోజనం కూడా పెడతారు, మామూలు కాన్పయితే 3 రోజులు, ఆపరేషనయితే 7 రోజులు. బిడ్డేమో వారాల తరబడి లోపలే ఉంటుంది. గడువు దాటాక ఆమె రోగి కాదు. మంచమూ లేదు, అన్నమూ లేదు. పాలు మాత్రం ఆమే ఇవ్వాలి, రెండు మూడు గంటలకోసారి, రాత్రనకా పగలనకా. మా పిల్ల పచ్చి బాలింత, వరండాలో గోడకు చేరబడి కొంగు చాటున గిన్నెలోకి పాలు పిండేది.

ఇక భాష. గంజాం, కోరాపుట్ ప్రాంతాలు 1936లో మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసినా పెళ్లి సంబంధాలు ఆగలేదు. సరిహద్దులోని ఇచ్ఛాపురం దాటి కోడలిగా వచ్చే ప్రతి పిల్లకీ ఒడియా ఎలా వస్తుంది? తలుపు తీసి “బేబీ ఆఫ్ ఫలానా” అని పిలిస్తే మొగుడు వెళ్ళేవాడు. ఊపిరి మధ్యమధ్యలో ఆగుతోందనీ, కామెర్లకు లైటు కింద పెట్టామనీ, గొట్టంతో పాలు మొదలుపెట్టామనీ డాక్టరు అంతా చెప్పేవారు. అతను బయటికొచ్చి “బాగానే ఉందట” అనేవాడు. భయపెట్టడం ఇష్టంలేక, పాపం. ఆ రెండు మాటలతో ఆ పిల్లకు టెన్షన్ ఇంకా పెరిగేది.

తెలుగు వచ్చిన నర్సమ్మ ఒకరు డ్యూటీకి వచ్చాక పరిస్థితి మారింది. “రా తల్లీ, చేతులు కడుక్కో” అని లోపలికి తీసుకెళ్ళి, బిడ్డను తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్ళు ఆనేలా కట్టారు. కంగారూ మదర్ కేర్ అంటారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది. గతిలేనప్పుడు చేసే వైద్యమని ఇప్పుడెవరూ అనలేరు. మన దేశంతో కలిపి 5 దేశాల్లో చేసిన పరిశోధన 2021లో వచ్చింది. కేజీ నుంచి 1.8 కేజీల లోపు పిల్లలను, నిలకడ వచ్చేదాకా ఆగకుండా, పుట్టగానే ఇలా కడితే నెలలోపు మరణాలు 25 శాతం తగ్గాయి. తల్లిని రానిస్తే ఇన్ఫెక్షన్ అంటారా? ఇన్ఫెక్షన్ అనుమానం కలిగిన కేసులూ ఇలా కట్టిన పిల్లల్లోనే తక్కువ. రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఎనిమిది గంటలు కూర్చోవాలంటే ఆమెకు కుర్చీ ఉండాలి కదా!

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన ఇంగ్లీషు కాగితంలో కంటి పరీక్ష అని ఒక లైను ఉంది. 2 కేజీల లోపు పుట్టిన పిల్లలకు నెల తిరక్కముందే రెటీనా (కంటి లోపలి పొర) చూపించాలి, ఆలస్యమైతే చూపే పోవచ్చు. నర్సమ్మ ఆ లైను మీద వేలు పెట్టి తెలుగులో చెప్పారు కాబట్టి సరిపోయింది.

మన సంఘం చేయగలిగినవి పెద్దవేమీ కావు. ఆసుపత్రి పక్కన నాలుగు మంచాల గది, ఎనిమిదో రోజు నుంచి రెండు పూటలా భోజనం, పసిబిడ్డల యూనిట్ గుమ్మం దగ్గర జీతానికి కూర్చుని చెప్పింది చెప్పినట్టు తల్లికే చెప్పే ఒక అమ్మాయి. ఆ అమ్మాయికి తెలుగు, ఒడియాలతో పాటు సవర గిరిజనుల భాష కూడా వస్తే మరీ మంచిది. గజపతి కొండల నుంచి దిగివచ్చే సవర తల్లుల ముందు మనవాళ్ళ కష్టం ఏపాటిది? సర్కారు ఆసుపత్రుల్లో రోగి కల్యాణ సమితి ఉంటుంది, విరాళాలు తీసుకునే అధికారం దానికి ఉంది. వచ్చే సమావేశంలో మిషన్ల జాబితా తీసేముందు, ఆ సమితికి రాయాల్సిన ఉత్తరం గురించి మాట్లాడుకుందాం. పేరు రాయించుకోవడానికి చోటు కావాలంటారా, ఆ గదికి తలుపు ఉంటుందిగా.