ఇతర నామధేయములు

"పుట్టినప్పటి నుంచీ మీరు వాడిన ఇతర పేర్లన్నీ రాయండి" అని గ్రీన్‌కార్డు ఫారంలో ఒక గడి ఉంటుంది. పుట్టింటి పేరు, ముద్దుపేరు, మారుపేరు, దొంగపేరు, ఏదీ వదలకూడదు. ఐ-485 అనే ఆ ఫారం తయారుచేసినవాళ్ళు తెలుగువాళ్ళని ఊహించుకున్నట్టు లేదు. మన ఇళ్ళలో ఒక ఆడపిల్లకి ఇరవయ్యేళ్ళు వచ్చేసరికి ఎన్ని పేర్లు పోగుపడతాయో తెలిసుంటే, ఆ గడి కింద ఇంకో నాలుగు తెల్లకాగితాలు కుట్టి ఇచ్చేవాళ్ళు.

నా సంగతే చూడండి. మా పుట్టింటివారు అల్లం వారు. పదో తరగతి సర్టిఫికెట్లో నేను అల్లం వెంకట సత్యవాణిని. డిగ్రీకి వచ్చేసరికి కాలేజీ గుమాస్తాకి అంత పొడుగు రాసే ఓపిక లేక ఎ.వి. సత్యవాణిని చేశాడు. ఇంట్లో బుజ్జిని. మా నానమ్మకి మాత్రం వెంకాయమ్మని. అది వాళ్ళ అత్తగారి పేరు. నాకు పెట్టమంటే మా అమ్మ ససేమిరా అనడంతో "వెంకట" దగ్గర రాజీ కుదిరింది. నానమ్మ ఆ రాజీని ఒప్పుకోలేదు, పోయేదాకా వెంకాయమ్మా అనే పిలిచింది.

2010లో మిరియాల వారి కోడలినయ్యాను. "అల్లం, మిరియాలు కలిశాయంటే ఇక కషాయమేరోయ్" అని పెళ్ళి భోజనాల దగ్గర మా బాబాయి అంటే అందరూ విస్తళ్ళ ముందు విరగబడి నవ్వారు. అది జోకు కాదనీ జోస్యమనీ అప్పుడు తెలీదు.

మొదటి గుటక పాస్‌పోర్టుతోనే పడింది. ఫారం నింపింది నాన్నగారు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, మొత్తం పేరు పక్క గడిలో రాసేశారు. "పేరు మొదట్లోనే ఇంటిపేరు ఉంది కదమ్మా, మళ్ళీ విడిగా ఎందుకు, దండగ" అన్నారు. మన లెక్కలో అందులో తప్పేమీ లేదు. అమెరికా వీసా లెక్క వేరు. వాళ్ళకి సొంత పేరు లేకపోయినా ఫరవాలేదు గానీ ఇంటిపేరు లేని మనిషి ఉండకూడదు. అందుకని నా పేరు మొత్తం ఎత్తుకెళ్ళి ఇంటిపేరు గడిలో పడేసి, ఖాళీ అయిన చోట ఎఫ్.ఎన్.యు. అని కొట్టారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. అంటే ఈవిడ పేరేమిటో తెలియదు అని. పక్కనే ఇంత పొడుగున పేరు రాసి మరీ తెలియదన్నారు.

అక్కడి నుంచి డ్రైవింగ్ లైసెన్సు మీదా అదే, బ్యాంకు కార్డు మీదా అదే. ఓసారి డాక్టరు దగ్గర నర్సు తలుపు తీసి "ఫ్నూ?" అని పిలిచింది. ఎవరో చైనా అమ్మాయిని పిలుస్తున్నారనుకుని నేను పత్రిక తిరగేస్తూ కూర్చున్నాను. తర్వాత అలవాటైంది. ఇంకోసారి అదే పిలుపుకి నాతోపాటు మరో ఇద్దరు లేచారు. ఒకాయన తమిళాయన, ఇంకొకావిడ ఇండోనేషియా ఆవిడ. ముగ్గురం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, చాలాకాలానికి కలిసిన జ్ఞాతుల్లా నవ్వుకున్నాం.

పెళ్ళయిన ఆడవాళ్ళు భర్త ఇంటిపేరు పెట్టుకుని తీరాలని మన దేశంలో చట్టమేమీ లేదు. పాస్‌పోర్టు చివరి పేజీలో భర్త పేరు రాయించుకుంటే చాలు. నాకీ సంగతి తెలుసు. హాయిగా ఫ్నూగానే జీవితం వెళ్ళదీసేదాన్ని. కానీ బాబు పుట్టాక, వాణ్ణి తీసుకుని ఒంటరిగా ఇండియా వెళ్ళి వస్తుంటే, ఎయిర్‌పోర్టులో ఆఫీసరు రెండు పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టి, "ఈ బాబు మీకేమవుతాడు?" అన్నాడు. కొడుకన్నాను. "మరి ఇంటిపేర్లు వేరే ఉన్నాయే?" అన్నాడు. వాడు సరిగ్గా అప్పుడే నా చంకలోంచి "అమ్మా, ఉచ్చ" అన్నాడు. భాష రాకపోయినా ఆఫీసరుకి బంధుత్వం అర్థమై వదిలేశాడు. ఇంటికి రాగానే "ఏవండీ, నేనూ మిరియాలైపోతాను" అన్నాను.

కొత్త పాస్‌పోర్టు వచ్చింది. ఇంటిపేరు గడిలో ఇంటిపేరు, సొంత పేరు గడిలో సొంత పేరు. కళ్ళకద్దుకున్నాను. రెండు రోజులు పోయాక మావారు దాన్ని తన పాస్‌పోర్టు పక్కన పెట్టి చూసి, "మిరియాలలో ఈ 'వై' ఎక్కడిది?" అన్నారు. ఆయన పాస్‌పోర్టులో 'వై' లేదు. నా దాంట్లో ఉంది. రాసింది నేనే. పలికినట్టు రాశాను మరి! తెలుగులో రాస్తే ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఇంగ్లీషులో రాస్తే ఎదురెదురు ఇళ్ళు. దాన్ని దిద్దించే ఓపిక ఇద్దరికీ లేకపోయింది. పైగా వీసా పాత పాస్‌పోర్టులోనే ఉండిపోవడంతో, ఎక్కడికెళ్ళినా అల్లాన్నీ మిరియాల్నీ కలిపి రబ్బరుబ్యాండు వేసి మోసేదాన్ని.

ఇక గ్రీన్‌కార్డు. మావారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన కరెంటు బిల్లుకి కూడా మూడు కాపీలు తీసి రంగు చీటీలు అంటించే మనిషి. "ఏ పేరూ దాచకండి" అని లాయరు ఒక ముక్క అన్నాడు, అంతే. ఆ రాత్రి కాగితం, కలం తీసుకుని నా ఎదురుగా కూర్చున్నారు.

"అల్లం రాశాను. ఎ.వి. రాశాను. ఎఫ్.ఎన్.యు. రాశాను. బుజ్జి రాశాను. ఇంకా?"

"నానమ్మ వెంకాయమ్మ అనేది."

"అది ముద్దుపేరా, మారుపేరా?"

దానిమీద అరగంట చర్చ జరిగింది. చివరికి, నానమ్మ ఎప్పుడూ ముద్దుగా పిలవలేదు కాబట్టి మారుపేరే అని తేల్చాం.

"మరి మీరు పిలిచేది?" అన్నాను.

"నేనేం పిలుస్తాను?"

"ఏమోయ్ అని."

"అదీ ఒక పేరేనా!"

"ఎనిమిదేళ్ళుగా నాకు ఈ ఇంట్లో వేరే పేరు లేదు. రాయండి."

రాయలేదు. ఆ కోపం నాకిప్పటికీ ఉంది.

అల్లం సత్యవాణీ మిరియాల సత్యవాణీ ఒకరే అనడానికి మ్యారేజి సర్టిఫికెట్ సరిపోతుంది. మావారికి సరిపోలేదు. శుభలేఖ కూడా జతచేద్దామన్నారు. ఇంగ్లీషులో లేని ప్రతి కాగితానికీ పూర్తి అనువాదం పెట్టాలి, అనువదించినవాళ్ళు రెండు భాషలూ తమకి వచ్చునని రాసి సంతకం చెయ్యాలి. మావారి స్నేహితుడొకాయన నేను చేస్తానని ముందుకొచ్చాడు. పాపం ఆయన తెలుగు ఏడో తరగతి దగ్గర ఆగిపోయింది గానీ ధైర్యం ఆగలేదు. ఒక్క అక్షరం కూడా వదల్లేదు. దైవజ్ఞులు నిశ్చయించినారు అన్నచోట "దేవుడి విషయాల్లో నిపుణులు నిర్ణయించారు" అని రాశాడు. "సకుటుంబ సపరివారంగా" అన్నది కుటుంబంతోనూ సైన్యంతోనూ రమ్మనడంగా తేలింది. మా ముహూర్తం రాత్రి 2 గంటల 47 నిమిషాలకి. కార్డులో "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం" అని వేయించారు. ఆయన దాన్ని షరతు కింద మార్చాడు: ఒకవేళ తెల్లవారిన పక్షంలో, శుక్రవారం. ఇవన్నీ మేము తర్వాత చదువుకున్నాం. అప్పుడు మాత్రం థాంక్స్ చెప్పి, కాఫీ ఇచ్చి, ఫైల్లో పెట్టి పంపేశాం.

అంతకుముందు ఉద్యోగం మీద గ్రీన్‌కార్డుకి వెళ్ళేవాళ్ళని ఇంటర్వ్యూకి పిలవడం అరుదు. 2017 అక్టోబరు నుంచి అందరినీ పిలవడం మొదలుపెట్టారు. 2018లో మా వంతు వచ్చింది. ఆఫీసరు పెద్దావిడ, మెళ్ళో గొలుసు కట్టిన కళ్ళజోడు. కుడిచెయ్యి ఎత్తించి నిజమే చెబుతామని ప్రమాణం చేయించింది. మీరెప్పుడైనా కమ్యూనిస్టు పార్టీలో ఉన్నారా అని అడిగింది. లేమన్నాం. ఎర్రజెండా పట్టుకుని మూడుసార్లు జైలుకెళ్ళిన మా తాతగారు పక్కన లేరు కాబట్టి సరిపోయింది.

తర్వాత మా ఫైలు తిరగేసి, కళ్ళజోడు సర్దుకుని, మావారిని అడిగింది. "చిలసౌ ఎవరు?"

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

"మీ పెళ్ళి కార్డు ప్రకారం మీరు చేసుకున్నది చిలసౌ వెంకట సత్యవాణిని. ఇతర పేర్ల గడిలో ఐదు పేర్లున్నాయి. చిలసౌ అన్న పేరు మాత్రం లేదు."

చి.ల.సౌ.! ఆ మహానుభావుడు చుక్కలు తీసేసి కలిపి రాశాడు. మావారి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇన్ని పేర్లు తవ్వి తీసి ఒక్క పేరు ఎలా వదిలేశామా అన్న బాధ అది.

"పైగా," అందావిడ, "మీ పేరు ముందు కూడా 'చి' ఉంది. పెళ్ళికి ముందు నుంచే మీరిద్దరూ ఒకే కుటుంబమా?"

మేనరికం కాదండీ అని చెప్పడానికి నేను ఇంగ్లీషు వెతుక్కుంటుంటే మావారు అందుకున్నారు. "చి అంటే చిరంజీవి. అంటే చావు లేనివాణ్ణి" అన్నారు. ఆవిడ ఫారంలో ఆయన పుట్టినతేదీ మళ్ళీ ఓసారి చూసుకుంది.

నేను కలగజేసుకుని, "అది పేరు కాదండీ, ఆశీర్వాదం. ఆడపిల్లకైతే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అంటారు" అన్నాను.

"సౌభాగ్యవతి అంటే?"

ప్రమాణం చేసి కూర్చున్నాను కదా. "భర్త బతికున్న ఆవిడ" అన్నాను.

ఆవిడ కలం కింద పెట్టింది. "కానీ ఈ కార్డు పెళ్ళికి ముందు అచ్చువేసింది. అప్పటికే మీకు భర్త ఉన్నాడా?"

ఇన్ని తరాలుగా ఇన్ని లక్షల శుభలేఖలు అచ్చువేశాం, ఈ ప్రశ్న మనలో ఒక్కరికైనా తట్టిందా చెప్పండి. "లేడండీ, అడ్వాన్సుగా ఇచ్చే ఆశీర్వాదం అది" అన్నాను. ఆ మాట ఆవిడకి నచ్చినట్టుంది, మొదటిసారి నవ్వింది. కానీ డ్యూటీ డ్యూటీయే. పెళ్ళి గురువారమా, శుక్రవారమా అని అడిగింది. శుక్రవారమన్నాం. సర్టిఫికెట్ చూసి, అనువాదం చూసి, "అయితే తెల్లవారిందన్నమాట" అంది.

"తెల్లవారిందండీ" అన్నాం ఇద్దరం.

అప్పుడు ఎర్రసిరా కలం తీసి ఇతర పేర్ల గడిలో ఆరో పేరుగా చిలసౌ అని రాసి, పక్కన నాచేత సంతకం పెట్టించింది. ఏమోయ్ కూడా రాయించుకోవలసింది. ధైర్యం చాలలేదు.

కార్డులొచ్చాయి. నా దాంట్లో 'వై' ఉంది, ఆయన దాంట్లో లేదు.

మొన్న సంక్రాంతికి అమ్మ అల్లం పచ్చడి, సున్నుండలు కొరియర్ చేసింది. ఆ సమయానికి మేమింట్లో లేము. ఫొటో ఉన్న కార్డు తెచ్చి ఆఫీసులో తీసుకెళ్ళండి అని చీటీ అంటించి పోయాడు. వెళ్ళాం. కౌంటర్లో కుర్రాడు నా గ్రీన్‌కార్డు చూశాడు, డబ్బా చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. డబ్బా మీద నాన్నగారి గుండ్రటి ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరుంది: చి.ల.సౌ. బుజ్జి.

"ఈ పేరు మీదేనని ఏమైనా ఆధారం ఉందా?" అన్నాడు కుర్రాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మావారి మొహం అంతగా వెలిగిపోవడం నేను చూడలేదు. "ఒక్క నిమిషం, ఫైలు కారులోనే ఉంది" అని పరుగెత్తారు.