ముందు వరుస సంతాపం

2025 ఏప్రిల్ 26, శనివారం నాడు పోప్ ఫ్రాన్సిస్ అంత్యక్రియలకు పునీత పేతురు ప్రాంగణంలో రెండున్నర లక్షల మంది నిలబడ్డారని వాటికన్ చెప్పింది. ఫ్రాన్సిస్ పాపుగారి కోసం వాళ్లు కార్చిన కన్నీళ్ల మీద మాకే సందేహమూ లేదు. మా అభ్యంతరమంతా ముందు వరుస కుర్చీల గురించే.

యాభై మంది దాకా దేశాధినేతలు, వారికి తోడు రాజులు, రాణులు ఆ కుర్చీల్లో కూర్చున్నారు. గోడలు కట్టడమొక్కటే ఆలోచించేవాడు క్రైస్తవుడు కాదని పాపుగారు 2016లో అంటే, అది సిగ్గుచేటైన మాట అని మండిపడిన ట్రంప్ అక్కడ ఉన్నారు. వలసదారులను మూకుమ్మడిగా తరిమేయడాన్ని తప్పుపడుతూ 2025 ఫిబ్రవరి 10న అమెరికా పీఠాధిపతులకు (బిషప్‌లకు) పాపుగారు లేఖ రాశారు. తరిమివేతలు ఆగలేదు. పాపుగారిని భూమ్మీద దుష్టుడి ప్రతినిధి అని తిట్టి, పదవిలోకి వచ్చాక క్షమాపణ చెప్పుకున్న అర్జెంటీనా అధ్యక్షుడు మిలే కూడా గౌరవ స్థానంలోనే ఉన్నారు. గోడలు కాదు, వంతెనలు కట్టండన్న పాపుగారి మాటను అంత్యక్రియల పూజ నడిపించిన కార్డినల్ రే ప్రసంగంలో గుర్తుచేసినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. ముందు వరుసా ఆ మాట విన్నది. విని విమానాలెక్కింది. తాను పోప్ అయితే బాగుంటుందని ట్రంప్ ఆ తర్వాతి మంగళవారం విలేకరుల ముందు హాస్యమాడారు కూడా.

ఇక గాజా. 2023 అక్టోబరు నుంచి దాదాపు ప్రతి సాయంత్రం పాపుగారు అక్కడి తిరుకుటుంబ విచారణకు (కతోలిక చర్చి సంఘానికి) ఫోన్ చేసేవారు, తిన్నారా అని అడిగేవారు. ఆస్పత్రి మంచం మీద నుంచి కూడా ఫోన్ చేశారు. పునరుత్థాన (ఈస్టర్) ఆదివారం నాడు గొంతు పెగలక మరొకరితో చదివించిన చివరి సందేశంలోనూ కాల్పుల విరమణే కోరారు. మర్నాడు, ఏప్రిల్ 21న, కన్నుమూశారు. ఇజ్రాయెల్ విదేశాంగ శాఖ సంతాప సందేశం పెట్టి, కొన్ని గంటల్లోనే తీసేసింది. అందులో ఒక నిజాయితీ ఉందని మాకు అనిపించింది. మిగతావారు తమ సందేశాలను అలాగే ఉంచి, ఆయన మాటను మాత్రమే తీసేశారు.

మన దేశం మూడు రోజులు సంతాప దినాలు ప్రకటించింది. జెండాలు అవనతమయ్యాయి. రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము స్వయంగా రోమ్ వెళ్లారు. ఇది మర్యాద, కాదనం. చావింట లెక్కలు తీయడం సంస్కారం కాదనేవారూ ఉన్నారు, వారి మాటా విన్నాం. కానీ ఆ మర్యాద ఆయన బతికి ఉండగా ఏమైంది? 2017లో ఆయన మయన్మార్, బంగ్లాదేశ్ దాకా వచ్చారు. భారత్ రావాలని ఉందని బాహాటంగానే చెప్పారు. ఆహ్వానాలు అందాయి, ఆలింగనాల ఫొటోలు వచ్చాయి. పన్నెండేళ్ల పాలనలో తేదీ మాత్రం కుదరలేదు.

అంత్యక్రియలు జరిగిన ఏప్రిల్ 26 ఇంకొకరి పుట్టినరోజు. 1937లో అదే రోజున తిరుచిరాపల్లి జిల్లాలో స్టాన్ స్వామి పుట్టారు. ఫ్రాన్సిస్ పాపుగారి లాగే ఆయనా యేసుసభ (జెసూయిట్) గురువు, అంటే ఆ మఠసభకు చెందిన ఫాదర్. జార్ఖండ్ ఆదివాసుల భూమి హక్కుల కోసం, విచారణ లేకుండా జైళ్లలో మగ్గుతున్న ఆదివాసీ యువకుల కోసం దశాబ్దాల పాటు పనిచేసిన మనిషి. 2020 అక్టోబరు 8న భీమా కోరేగావ్ కేసులో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) రాంచీలో ఆయనను అరెస్టు చేసింది. అప్పటికి ఆయనకు 83 ఏళ్లు, పార్కిన్సన్స్ వ్యాధి. చేతులు వణికి గ్లాసు పట్టుకోలేక స్ట్రా, సిప్పర్ ఇప్పించమని కోర్టును అడిగారు. దానికి జవాబు చెప్పడానికి ఎన్‌ఐఏ ఇరవై రోజుల గడువు తీసుకుంది. ఇక్కడ ఉండే కంటే చనిపోవడమే మేలు, నన్ను రాంచీలో నావాళ్ల దగ్గరికి పంపండని 2021 మేలో బొంబాయి హైకోర్టుకు చెప్పుకున్నారు. జూలై 5న ఆయన బెయిలు పిటిషన్ విచారణకు వచ్చే వేళకు ఆయన లేరనే వార్త కోర్టుకు చేరింది. మావోయిస్టులతో సంబంధాలన్న ఆరోపణ నిజమో అబద్ధమో తేల్చాల్సిన విచారణ అప్పటికి మొదలే కాలేదు. అంతా చట్టప్రకారమే జరిగిందని విదేశాంగ శాఖ ఒక ప్రకటన ఇచ్చి చేతులు దులుపుకుంది. అదే కేసులో మన తెలుగు కవి వరవరరావు ఏ స్థితికి చేరాక వైద్య కారణాలతో బెయిలు పొందారో పాఠకులకు చెప్పనక్కర్లేదు.

స్టాన్ స్వామిని రాంచీ నుంచి పట్టుకెళ్లిన నాడు జార్ఖండ్ గవర్నర్ ద్రౌపదీ ముర్మే. అరెస్టు కేంద్ర సంస్థ చేసింది, అది ఆమె నిర్ణయం కాదు. అయినా ఆయన పుట్టినరోజున ఆయన సభకే చెందిన మరొక గురువు అంత్యక్రియలకు ఆమె హాజరైనప్పుడు, ఢిల్లీలో ఒక్కరికైనా ఆ సంగతి గుర్తొచ్చిందా? మదర్ తెరెసాకు 1997లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేసింది ఈ దేశమే. ఆమె స్థాపించిన మఠానికి విదేశీ విరాళాల అనుమతిని 2021లో సరిగ్గా క్రిస్మస్ నాడు నిరాకరించి, గగ్గోలు రేగాక రెండు వారాలకు తిరిగి ఇచ్చిందీ ఈ దేశమే. చనిపోయిన గురువులకు గౌరవ వందనం, బతికున్నవారికి నోటీసులు! ఇదొక ఆనవాయితీ అయిపోయింది. మేము భయపడేదీ దానికే. అవనతమైన జెండా అడ్డుపెట్టుకుని ఇకపై ఏమైనా చేయవచ్చు.

ప్రభుత్వాలను తిట్టి ఊరుకుంటే మేమూ ముందు వరుసలో కూర్చున్నట్టే. ప్రవక్తల సమాధులను అలంకరించేవారిని ప్రభువు వేషధారులని పిలిచారని మత్తయి సువార్త 23వ అధ్యాయంలో ఉంది. ఆ మాట అన్నది పాలకులతో కాదు, మతపెద్దలతో. ఆ వారం మన చర్చి విచారణల ముందు వెలసిన ఫ్లెక్సీలు చూశాం. పాపుగారి బొమ్మ కంటే దాతల బొమ్మలే పెద్దవి. ఆయనేమో సాదా చెక్క పేటిక, సమాధి మీద ఒక్క పేరు చాలన్నారు. ఆయనను ఖననం చేసిన సాంత మరియా మజ్జోరె చర్చి మెట్ల మీద ఆయనకు చివరి వీడ్కోలు పలికినవారు పేదలు, ఖైదీలు, వలస వచ్చినవారు. మన గుడుల్లో సంతాప పూజలకు మొదటి బల్లలు ఎవరికి వేశారు?

2022లో ఆంథోని పూల గారిని ఫ్రాన్సిస్ పాపుగారు కార్డినల్‌ను చేశారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. ఊరూరా సన్మానాలు చేశాం, పూలదండలు వేశాం. 2025 మే 7న మొదలైన కాన్‌క్లేవ్‌లో, అంటే కొత్త పాపుగారిని ఎన్నుకునే కార్డినళ్ల సమావేశంలో, ఆయన ఓటు వేశారు, అందుకూ గర్వించాం. కానీ శ్రీసభలో (కతోలిక సంఘంలో) కుల వివక్ష ఉందని, అది ఘోరపాపమని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లోనే విధాన పత్రంలో ఒప్పుకుంది. ఆ పత్రాన్ని పూజలో చదివించిన విచారణలు ఎన్ని? ఫ్రాన్సిస్ పాపుగారి కోసం వెక్కివెక్కి ఏడ్చిన వారిలో, ఆయన పవిత్ర గురువారాల్లో ఖైదీల కాళ్లు కడగడాన్ని వీడియోల్లో చూసి మురిసినవారిలో, తమ జిల్లా జైలు గేటు దాటినవారు ఎందరు?

జూలై 5 స్టాన్ స్వామి వర్ధంతి. ఆ రోజు ఆయన పేరు చెప్పి, గట్టిగా చెప్పి, దివ్యపూజ అర్పించే మేత్రాసనాలు (బిషప్‌ల పాలనలోని ప్రాంతాలు) తెలుగు నేల మీద ఎన్ని ఉంటాయో మేము లెక్కపెడతాం. పీఠాధిపతులు దయచేసి ఆ రోజుకు ఫ్లెక్సీలు వేయించవద్దు.