మిషన్ ముందు కూర్చోనిస్తేనే నానో హబ్

ఎక్కడ నానో హబ్, అంటే నానోమీటరు (మీటరులో వంద కోట్లో వంతు) కొలతల్లో పదార్థాలతో పనిచేసే కేంద్రం, పెడతామన్నా ముందు వచ్చేది ఎకరాల లెక్క. ఇన్ని ఎకరాలు, ఇన్ని కోట్లు, ఇన్ని ఉద్యోగాలు. లోపలికి ఎవర్ని రానిస్తారో ఒక్కరూ చెప్పరు. అనంతపురం వైపు ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలకు పాఠాలు చెప్పుకునే నాకు కావాల్సింది ఆ ఒక్క సంగతే.

బెంగళూరునే తీసుకోండి. మన దేశంలో నానో అనగానే ముందు ఆ ఊరి పేరే వినిపిస్తుంది. ఐటీ డబ్బు వల్లే అంటారు చాలామంది. నేనొప్పుకోను. ఐటీ హడావుడి మొదలవ్వకముందే, 1976లో రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్. రావు గారు అక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, అదే ఐఐఎస్‌సీకి వచ్చి ఘనపదార్థాల రసాయనశాస్త్రానికి ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. 1989లో అదే ఊళ్లో జక్కూరు దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ అనే పరిశోధన సంస్థ వచ్చింది. 1991లో భౌతిక శాస్త్రవేత్త ఎస్. చంద్రశేఖర్ గారు లిక్విడ్ క్రిస్టల్స్ (టీవీ, ఫోన్ తెరల్లో వాడే ద్రవ స్ఫటికాలు) కోసం మొదలుపెట్టిన కేంద్రమే ఇవాళ నానో, సాఫ్ట్ మ్యాటర్ (జెల్లీలాంటి మెత్తని పదార్థాలు) పరిశోధన సంస్థగా ఎదిగింది. 2007లో కేంద్రం వెయ్యి కోట్లతో నానో మిషన్ అనే పథకం ప్రకటించేనాటికి ఆ ఊళ్లో ముప్పై ఏళ్లుగా పని తెలిసిన చేతులున్నాయి.

అయినా నన్నడిగితే అసలు మేలు జరిగింది 2008లో. ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబేల్లో కేంద్రం డబ్బుతో ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్ మొదలైంది. బయటి కాలేజీ వాళ్లు ముందు వర్క్‌షాప్‌కి రావచ్చు, తర్వాత మిషన్ల మీద చేత్తో పని నేర్చుకోవచ్చు, ఆపైన సొంత ఆలోచనతో ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. ఐఐఎస్‌సీలో క్లీన్‌రూమ్ అంటే మామూలు గది కాదు. క్లాస్ 100 గదిలో ఘనపుటడుగు గాలికి అర మైక్రానూ అంతకు మించిన ధూళికణాలు 100 దాటకూడదు. తలనుంచి కాళ్లదాకా సూటు. మామూలు నోట్‌బుక్ కూడా తీసుకెళ్లనివ్వరు, కాగితం నుంచి పీచు రాలుతుందని. లితోగ్రఫీ (వెలుగుతో సన్నని గీతలు గీసే పని) గదిలో అంతా పసుపు లైటే, ఎందుకంటే వేఫర్ (పలుచని సిలికాన్ పలక) మీద పూసే రెసిస్ట్ అనే పూతకి నీలం, అల్ట్రావయొలెట్ వెలుగు తగిలితే పాడైపోతుంది. మన తల వెంట్రుక మందమే సుమారు 80 వేల నానోమీటర్లు. దానికంటే ఎంతో సన్నని గీతలు గీసేచోట చిన్న ధూళి రవ్వ పడినా గీసిన గీత తెగిపోతుంది.

ఇదంతా నేను బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో మార్కులూ తెచ్చుకుంటారు. కానీ మా దగ్గర చదివిన ఒకమ్మాయి అక్కడ ట్రైనింగ్ చేసొచ్చాక మా ల్యాబ్‌లో జూనియర్ గాజు పలకని వేళ్లతో పట్టుకోబోతుంటే చెయ్యి పట్టి ఆపింది. "అంచు పట్టుకో, ట్వీజర్ తీసుకో" అంది. ఆ భయం, ఆ శ్రద్ధ పాఠం చెబితే రావు.

మన దగ్గర ఏం జరుగుతోందో కూడా చెప్పాలి. నాకు తెలిసిన ఒక యూనివర్సిటీలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఉంది. రిబ్బన్ కట్ చేసిన రోజు ఫొటోలు పేపర్లో వచ్చాయి. ఇప్పుడది కవర్ కప్పుకుని కూర్చుంది. ఏఎంసీకి (ఏటా మరమ్మతు, నిర్వహణ చూసే కాంట్రాక్టు) డబ్బుల్లేవు, ఆపరేటర్ పోస్టు లేదు, తాళం ఎవరి దగ్గరుందో అడిగితే ఇంకొకరి పేరు చెబుతారు. రీసెర్చ్ స్కాలర్ తన స్టైపెండ్‌లోంచి తీసి శాంపిల్ కొరియర్ చేసుకుంటాడు. ఇమేజ్ మెయిల్‌లో వస్తుంది, థీసిస్‌లో అతికిస్తాడు. ఆ ఇమేజ్ ఎందుకలా వచ్చిందో, ఫోకస్ మారిస్తే ఇంకేం కనబడేదో వాడికెప్పటికీ తెలియదు. కోట్లు పోసి కొన్న మిషన్ పక్క బిల్డింగ్‌లోనే ఉండగా ఈ గతి పట్టడం నాకు కడుపు రగిలిపోయే విషయం.

హైదరాబాద్‌కి తెలివి తక్కువని కాదు. బాలాపూర్‌లో కొత్త పదార్థాల మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఉంది. వెండి నానో కణాలు పూసిన నీళ్ల ఫిల్టర్ క్యాండిల్ వాళ్ల పనే. రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, ఫార్మా ఉంది. డబ్బు కడితే శాంపిల్ టెస్ట్ చేసిపెట్టే చోట్లూ ఉన్నాయి. నేనంటున్నది జిల్లా కాలేజీ పిల్లాడిని మిషన్ ముందు కూర్చోబెట్టడం గురించి.

వ్యాపారం మాట కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నా. ఐఐఎస్‌సీ ల్యాబ్‌లోంచే పాత్‌శోధ్ అనే కంపెనీ పుట్టింది. చేతిలో పట్టే పరికరం, వేలి చివర రక్తపు చుక్క, షుగర్‌కి సంబంధించిన పరీక్షలు ఒకటికంటే ఎక్కువ చేస్తుంది. పెట్టినవాళ్లలో నవకాంత భట్ గారు అక్కడి ప్రొఫెసరే. ఇలాంటివి బెంగళూరులోనూ ఇంకా చాలా రావాలి. నానో సరుకు యాప్ లాగా ఆరు నెలల్లో తయారయ్యేది కాదు, పెట్టుబడి పెట్టేవాళ్లకి అంత ఓపికా ఉండటం లేదు. అయినా ల్యాబ్‌లో చేత్తో పని నేర్చుకున్నవాళ్లు ఊళ్లో వందలమంది ఉంటేనే అలాంటి కంపెనీ ఒకటైనా నిలబడుతుంది.

కొత్త పార్కులు అడగడం లేదు నేను. ఉన్న మిషన్లకి ఏఎంసీ పద్దు బడ్జెట్‌లో విడిగా పెట్టండి. పర్మనెంట్ ఆపరేటర్‌ని వేయండి. దేశంలోని పరికరాలన్నీ ఒకచోట చూపించడానికి 2020లో బెంగళూరులోనే ఐ-స్టెమ్ పోర్టల్ ప్రారంభించారు, మన యూనివర్సిటీల మిషన్లన్నీ అందులోకి ఎక్కించండి. జిల్లాల నుంచి వచ్చే పిల్లలకి ఛార్జీలు, హాస్టల్‌లో మంచం ఇవ్వండి. వైస్ ఛాన్సలర్ల మీటింగుల్లో కూర్చునేవాళ్లు ఇది చదివేవాళ్లలో ఉన్నారని నాకు తెలుసు. మీ క్యాంపస్‌లో పనిచేయని మిషన్లెన్నో, ఎన్నాళ్లుగా పనిచేయడం లేదో ఒక లిస్టు తీసి నోటీసు బోర్డులో పెట్టించండి, ముందు అక్కడ మొదలుపెడదాం.