గడియారం వాళ్లది, నిద్ర మాది

ఏటా నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ మర్నాటి నుంచి మాదాపూర్‌లోనూ గచ్చిబౌలిలోనూ పనిచేసే మాబోటివాళ్ల నిద్రలో ఒక గంట తరిగిపోతుంది. కాలిఫోర్నియాలో ఉదయం తొమ్మిదికి మొదలయ్యే మీటింగు మనకు అంతవరకూ రాత్రి 9:30కి ఉండేది కాస్తా 10:30కి జరిగి, మార్చి రెండో ఆదివారం దాకా అక్కడే తిష్ఠ వేస్తుంది. మన గడియారం మారదు, తెల్లవారితే వచ్చే పిల్లల స్కూలు బస్సు వేళా మారదు. మీటింగును అక్కడి ఎనిమిదికి మార్చమని అడిగితే, అది వాళ్లు పిల్లలను బడిలో దింపే సమయమని జవాబు వస్తుంది. నిజమే, కాదనను, కానీ పక్కగదిలో పాప ఎక్కడ లేస్తుందోనని గొంతు తగ్గించుకుని, మైకు మ్యూట్‌లో పెట్టి, నా వంతు కోసం ముప్పావుగంట ఎదురుచూసి, చివరికి "మా వైపు నుంచి కొత్త విషయాలేమీ లేవు" అని చెప్పడానికి నేను మేలుకుని ఉండటం ఎవరికి ఉపయోగం? ఆ ఒక్క మాట సాయంత్రమే మెయిల్లో రాసి పంపుతానంటే, టీమ్ స్పిరిట్ లేదంటారు. అప్రైజల్ వేళ అదే మాట నా పేరు పక్కన కనిపిస్తుంది. ఒక వారం వాళ్ల వేళకు, ఒక వారం మా వేళకు మీటింగు పెట్టమనడం అంత గొంతెమ్మ కోరికా?